వకీలమ్మ జవాబులు: స్టేషన్ నుంచి ఫోనొస్తే

పోయిన సంచికలో ఒక భూమి తగాదాకు జవాబు రాస్తూ, ఆ వార్త రాసిన విలేకరిని పోలీస్ స్టేషన్లో సాయంత్రం దాకా కూర్చోబెట్టారన్న సంగతి ఒక్క ముక్కలో అన్నాను. ఆ ఒక్క ముక్కకే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. పొలం గట్ల గొడవలు ఈసారికి ఆపి వాటికే జవాబులు చెప్తున్నాను. నల్లకోటు వేసుకోక ముందు నేను జిల్లా ఎడిషన్ డెస్కులో వార్తలు దిద్దినదాన్ని. కాబట్టి కాస్త పక్షపాతం ఉంటుంది, సర్దుకోండి. ఉత్తరాలు రాసినవారి పేర్లు, ఊళ్ళు కావాలనే వేయడం లేదు.

*

మేడం గారికి నమస్కారం. మా మండలంలో యూట్యూబ్ ఛానెల్ నడుపుతున్నాను. రాత్రిపూట వాగులోంచి ఇసుక తోలుతున్న టిప్పర్ల మీద వీడియో పెట్టాను. మర్నాడే కానిస్టేబుల్ ఫోన్ చేసి, ‘ఎస్సై గారు ఒకసారి వచ్చి పొమ్మన్నారు, ఫోన్ కూడా తెచ్చుకో’ అన్నాడు. కేసేమిటని అడిగితే ‘ఏం లేదులే, ఊరికే మాట్లాడతారు’ అంటాడు. వెళ్ళాలా, మానాలా? ఇంట్లో అందరూ టెన్షన్ పడుతున్నారు. (ప్రకాశం జిల్లా)

నాయనా, ‘ఒకసారి వచ్చి పో’ అనే పిలుపు ఏ చట్టంలోనూ లేదు. పోలీసులు మనిషిని స్టేషనుకు పిలవాలంటే కాగితం ఇవ్వాలి. నీ మీద ఫిర్యాదు ఉండి, అరెస్టు అవసరం లేదనుకుంటే బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం) 35(3) కింద నోటీసు. పాత చట్టంలో దీన్నే ఫార్టీవన్ ఏ అనేవాళ్ళం, స్టేషన్లలో ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. సాక్షిగా పిలవాలంటే 179 కింద లిఖితపూర్వకమైన ఉత్తర్వు. ఈ రెండోదాంట్లో ఆడవాళ్ళను, అరవై దాటినవాళ్ళను స్టేషనుకు రమ్మనకూడదు, వాళ్ళుండే చోటికే పోలీసులు రావాలి. వాట్సాప్‌లో ఫోటో తీసి పంపితే నోటీసు ఇచ్చినట్టు కాదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో తేల్చేసింది.

కాగితం కోసం ఎందుకింత పట్టుబడతానో చెప్తాను. కాగితం రాయాలంటే నేరం ఏమిటో రాయాలి, క్రైమ్ నంబరు వేయాలి, కింద సంతకం పెట్టాలి. టిప్పర్ల ఓనరు ఫోన్ చేశాడని కాగితం మీద రాయలేరు గదా. నోటి మాటతో పిలిచినప్పుడు జరిగేది దర్యాప్తు కాదు, బల్ల మీద లాఠీ పెట్టి ‘వీడియో తీసెయ్, గొడవెందుకు’ అనడం. సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టి పంపిస్తే ఏ రికార్డులోనూ నువ్వు రాలేదు, వాళ్ళు పిలవలేదు. మా కోర్టుకొచ్చే విలేకరుల్లో ఎక్కువమందిని భయపెట్టింది కేసు కాదు, ఇలాంటి బెంచీయే.

కాబట్టి ఆ కానిస్టేబుల్‌తో తగువు పడకు. అతనిది నౌకరీ. మర్యాదగా ఇంతే చెప్పు: ‘తప్పకుండా వస్తానండీ, నోటీసు ఇప్పించండి, అందులో రాసిన టైముకు మా వకీలుతో కలిసి వస్తాను.’ తర్వాత అదే మాట, ఫోన్ వచ్చిన తేదీ, టైముతో సహా, ఎస్సైకీ డీఎస్పీకీ రిజిస్టర్ పోస్టులో పంపు. రసీదు జాగ్రత్త. చాలాసార్లు కథ ఇక్కడే ఆగిపోతుంది.

నిజంగానే నోటీసు వచ్చిందనుకో, అప్పుడు ఎగ్గొట్టకూడదు. 35(3) నోటీసు అందుకుని వెళ్ళకపోతే అదే అరెస్టుకు కారణమవుతుంది. వెళ్ళినవాణ్ణి మాత్రం, కారణం రాతపూర్వకంగా నమోదు చేయకుండా అరెస్టు చేయకూడదు. ఏడేళ్ళ లోపు శిక్ష పడే కేసుల్లో యాంత్రికంగా అరెస్టులు వద్దని అర్నేశ్ కుమార్ కేసులో 2014లోనే సుప్రీంకోర్టు చెప్పింది. లోపలికి వెళ్ళే ముందు ఇంట్లోవాళ్ళకూ ఇంకో విలేకరికీ మెసేజ్ పెట్టు, బయటికొచ్చాక మళ్ళీ పెట్టు. స్టేషన్లలో మాటలు కూడా రికార్డయ్యే సీసీ కెమెరాలు ఉండాలనీ, ఆ రికార్డు పద్దెనిమిది నెలలు దాచాలనీ 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. లోపల ఏదైనా జరిగితే ఆ రోజే ఫుటేజీ భద్రపరచమని అర్జీ పెట్టు. ‘కెమెరా రిపేరులో ఉంది’ అంటారు. సరే, ఆ ముక్కే రాసివ్వమను.

ఒక హెచ్చరిక. మాటలకు, రాతలకు మామూలుగా పెట్టే సెక్షన్లు బీఎన్ఎస్‌లో, అంటే పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టంలో ఉన్నాయి. అందులో 353, 196 లాంటివాటికి మూడేళ్ళ దాకా శిక్ష. అలాంటి కేసుల్లో ఎఫ్ఐఆర్ వేసే ముందే డీఎస్పీ అనుమతితో పద్నాలుగు రోజుల్లో ప్రాథమిక విచారణ జరిపి, అసలు నేరం ఉందో లేదో చూడటం మంచిదని ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో 2025 మార్చిలో సుప్రీంకోర్టు అంది. కానీ దేశ సార్వభౌమత్వం పేరు చెప్పే 152గానీ, వ్యవస్థీకృత నేరమనే 111గానీ తగిలిస్తే లెక్క మారిపోతుంది. ఆ వాసన తగిలితే నోటీసు కోసం చూస్తూ కూర్చోకు, అదే రోజు ముందస్తు బెయిలు పిటిషన్ వేయించు.

*

అమ్మా, మా ఇంటికొచ్చి సెల్‌ఫోన్ పట్టుకెళ్ళారు. రసీదు లేదు. పాస్‌వర్డ్ చెప్పమని రోజూ ఒత్తిడి. నా భయం నా గురించి కాదు. ఇళ్ళ స్థలాల జాబితా ఫైలు నాకు పంపిన ఆఫీసు గుమాస్తా ఛాటింగ్ అంతా అందులోనే ఉంది. (నల్లగొండ జిల్లా)

మీరు భయపడాల్సింది ఆ గుమాస్తా కోసమే, సరిగ్గా పట్టుకున్నారు. విలేకరికి బెయిలొస్తుంది, సాయంత్రానికి పదిమంది దండలు పట్టుకుని వస్తారు. ఫైలిచ్చినవాడికి సస్పెన్షన్ ఆర్డరొస్తుంది, పలకరించేవాడు ఉండడు. ముందు మీ ఫోన్ల నుంచి కాకుండా ఎవరిచేతనైనా ఆయనకు కబురు చేయండి.

ఇక ఫోన్ సంగతి. స్వాధీనం చేసుకున్న వస్తువుకు జాబితా రాసి, ఇద్దరు మధ్యవర్తులతో సంతకాలు పెట్టించి, మీకు నకలు ఇవ్వాలి. సోదా, స్వాధీనం మొత్తం వీడియో తీసి ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలని బీఎన్ఎస్ఎస్ 105వ సెక్షన్ చెప్తోంది. ఆ వీడియో ఏదని మీ వకీలు చేత కోర్టులోనే అడిగించండి. మొన్నామధ్య నా దగ్గరికొచ్చిన ఒక మధ్యవర్తుల నివేదికలో ‘నలుపు రంగు టచ్ సెల్‌ఫోన్ ఒకటి’ అని మాత్రమే ఉంది. ఐఎంఈఐ నంబరు లేదు, ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో లేదు, సీలు వేసిన ఊసు లేదు. మధ్యవర్తులిద్దరూ ఎవరయ్యా అంటే ఒకరు వీఆర్వో, ఇంకొకరు స్టేషన్ ఎదురుగా టీ కొట్టాయన. అలాంటి నలుపు రంగు ఫోనులోకి రేపు ఏ ఫైలు వచ్చి చేరినా మనం కాదని రుజువు చేసుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. అందుకే హ్యాష్ విలువ అడగాలి. అంటే స్వాధీనం చేసుకున్న రోజు ఫోనులో ఉన్న డేటా మొత్తానికి కంప్యూటర్ తీసే ఒక పొడుగాటి నంబరు. తర్వాత ఒక్క అక్షరం మారినా ఆ నంబరు మారిపోతుంది. కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్లో దానికి గడి కూడా ఉంది. ఫోను తిరిగివ్వమని మేజిస్ట్రేటు కోర్టులో పిటిషన్ వేసేటప్పుడే ఇవన్నీ రాయించండి.

పాస్‌వర్డ్ చెప్పి తీరాలా అన్న దాని మీద కోర్టులన్నీ ఒక్క మాట మీద లేవు. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పక్కర్లేదన్న రాజ్యాంగం 20(3) ఆధారంగా, చెప్పక్కర్లేదన్నవి ఉన్నాయి. ‘కోర్టు ఆర్డరు చూపిస్తే మా వకీలు జవాబు చెప్తారు’ అని మాత్రం అనండి, నోరు జారకండి. వేలిముద్ర లాక్, మొహం లాక్ ఈ పనిలో ఉన్నవాళ్ళు వాడకూడదు. వేలు పట్టుకుని ఫోను మీద పెట్టించడం నిమిషం పని. ఇంకో మాట: కేసు పడిందని తెలిశాక కంగారుపడి ఛాటింగులు చెరిపేయకండి. అప్పుడు సాక్ష్యం మాయం చేశాడని అదో కేసవుతుంది. చెరిపే అలవాటు ముందునుంచీ ఉండాలి. వారానికోసారి తనంతట తనే చెరిగిపోయేలా సెట్టింగు పెట్టుకుంటే ఎవరూ ఏమీ అనలేరు.

సోర్సును కాపాడే చట్టం మనకుందా అని ఉత్తరం చివర అడిగారు. లేదు. ప్రెస్ కౌన్సిల్ చట్టం 15(2)లో ఒక వాక్యం ఉంది, అది కౌన్సిల్ విచారణలకే పనికొస్తుంది. లా కమిషన్ 93వ నివేదికలో, 1983లో, సాక్ష్య చట్టంలోనే ఈ రక్షణ చేర్చమని చెప్పింది. కొత్త సాక్ష్య చట్టం రాసుకున్నా అది చేరలేదు. ఫోన్లలోకి దొంగచాటుగా దూరే పెగాసస్ నిఘా సాఫ్ట్‌వేర్ కేసులో 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు సోర్సుల రక్షణ పత్రికాస్వేచ్ఛకు మూలమంది. 2023 అక్టోబరు 3న ఢిల్లీలోని న్యూస్‌క్లిక్ అనే వార్తల వెబ్‌సైట్ వాళ్ళ ఇళ్ళ మీద పడి ఫోన్లు, లాప్‌టాప్‌లు ఎత్తుకెళ్ళాక, ఇలా పట్టుకెళ్ళడానికి మార్గదర్శకాలు ఉండాలి కదా అని నవంబరులో కేంద్రాన్ని అడిగింది కూడా. కోర్టు మాటలు మన పిటిషన్లో రాసుకోవడానికి పనికొస్తాయి. అర్ధరాత్రి తలుపు కొట్టినవాడి దగ్గర పనికిరావు.

*

నాకు అక్రెడిటేషన్ కార్డు లేదు. ఎమ్మార్వో ఆఫీసులో ‘నువ్వసలు విలేకరివే కాదు’ అంటున్నారు. (శ్రీకాకుళం జిల్లా)

అక్రెడిటేషన్ బస్సు పాసుకూ, సచివాలయం గేటుకూ. ప్రశ్న అడగడానికి రాజ్యాంగం 19(1)(ఎ)లోని భావప్రకటన స్వేచ్ఛ చాలు. అది విలేకరికని ప్రత్యేకంగా ఇచ్చింది కాదు, ప్రతి పౌరుడికీ ఇచ్చింది. యూట్యూబ్ వార్తలకు లైసెన్సు అక్కర్లేదు. వార్తలు, వర్తమాన వ్యవహారాలు నడిపే డిజిటల్ సంస్థలు 2021 ఐటీ రూల్స్ కింద తమ వివరాలు కేంద్ర సమాచార శాఖకు ఇవ్వాలి, అది ఇచ్చి పెట్టుకోండి. బండి మీద ‘ప్రెస్’ స్టిక్కరేసుకుని రేషన్ డీలర్ల దగ్గర మామూళ్ళు వసూలు చేసే బాపతు ప్రతి మండలంలో ఉన్నారు, మీకూ తెలుసు. నిజంగా పనిచేసేవాడి మీద బలవంతపు వసూళ్ళ కేసు పెట్టినా ఊళ్ళో జనం నమ్మేస్తున్నారంటే ఆ పుణ్యం వీళ్ళదే. అందుకే ఎవరింటికైనా వార్త కోసం వెళ్తే ఒంటరిగా వెళ్ళకండి. వాళ్ళ టీ తాగండి, కవరు ముట్టుకోకండి.

*

మా ఎమ్మెల్యే మీద రాస్తే ఆయన అనుచరుడొకడు పరువునష్టం అని స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చాడు. సీఐ గారు ఎఫ్ఐఆర్ కడతానంటున్నారు. (ఖమ్మం జిల్లా)

కట్టలేరు. పరువునష్టం పోలీసులు నేరుగా కేసు పెట్టగల నేరం కాదు. ఎవరి పరువు పోయిందో ఆయనే మేజిస్ట్రేటు దగ్గర ప్రైవేటు కంప్లైంట్ వేసుకోవాలి, అనుచరుడి పరువు ఇక్కడ లెక్కలోకి రాదు. మీ హైకోర్టే 2025 సెప్టెంబరులో నల్ల బాలు కేసులో పోలీసులకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఫిర్యాది నిజంగా బాధితుడేనా చూడాలి, రాజకీయ విమర్శ మీద యాంత్రికంగా ఎఫ్ఐఆర్ వేయకూడదు, పరువునష్టమైతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళమనాలి అని. తీర్పు ప్రింటు తీసి సీఐ గారి బల్ల మీద పెట్టండి, నమస్కారం పెట్టి మరీ. పైగా బీఎన్ఎస్ఎస్ 223 ప్రకారం మేజిస్ట్రేటు కూడా కంప్లైంటు తీసుకునే ముందు మీ మాట వినాలి. మొదటి మెట్టు దగ్గరే మీ ఆధారాలు చూపించుకోవచ్చు.

*

ఇప్పుడు ఇన్ని నీతులు చెప్తున్నారు. పోయిన ప్రభుత్వంలో మీ కలం ఏమైంది? (సంతకం లేదు)

ఈ ప్రశ్న పార్టీ పేరు ఒక్కటే మార్చి ఐదేళ్ళకోసారి వస్తుంది, పాత పరిచయమే. వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2007లో జీవో 938 తెచ్చింది, పత్రికల మీద కేసులు వేయడానికి సమాచార శాఖ అధికారికి అధికారమిస్తూ. గొడవై అది పక్కకు పోయింది. ఆయన కుమారుడి ప్రభుత్వం 2019 అక్టోబరు 30న జీవో 2430 ఇచ్చింది, ఈసారి ఆ అధికారం అన్ని శాఖల కార్యదర్శులకూ. 2021 మేలో ఒక ఎంపీ మాటలు ప్రసారం చేశారని టీవీ5, ఏబీఎన్ ఛానెళ్ళ మీద రాజద్రోహం పెడితే, రాజద్రోహానికి హద్దులు గీయాల్సిన సమయం వచ్చిందని సుప్రీంకోర్టు అనాల్సి వచ్చింది. అప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళు 2025 జూన్ 9న గుండెలు బాదుకున్నారు. సాక్షి టీవీలో చర్చ నడిపే కొమ్మినేని శ్రీనివాసరావు గారిని, అతిథి అన్న మాటకు, ఆంధ్రా పోలీసులు హైదరాబాదు వెళ్ళి అరెస్టు చేసిన రోజది. ఆ అతిథి అమరావతి ఆడవాళ్ళ గురించి అన్న మాట నాకు ఇప్పటికీ ఒళ్ళు మండిస్తుంది. అయినా ఎదుటివాడి నోటికి చర్చ నడిపేవాణ్ణి జైల్లో పెట్టకూడదు. నాలుగు రోజులకు సుప్రీంకోర్టు విడుదల చేయమంది. తెలంగాణలో 2025 మార్చిలో, ముఖ్యమంత్రిని ఓ రైతు తిట్టిన వీడియో పెట్టారని ఇద్దరు మహిళా జర్నలిస్టులను తీసుకెళ్ళి, వ్యవస్థీకృత నేరం సెక్షన్ కూడా చేర్చారు.

ఇందులో ఏ రంగు జెండా మిస్సయిందో మీరే చెప్పండి. పత్రికాస్వేచ్ఛ సూచీలో 2025లో మన దేశం 180లో 151 అని చూసి అందరం ఢిల్లీని తిట్టుకుంటాం. ఆ నంబరుకు సరుకు మన మండలాల నుంచే వెళ్తోంది.

*

అక్కా, మా ఆయన విలేకరి. తెల్లవారుజామున ఎవరైనా వచ్చి తీసుకుపోతే నేను ఏం చేయాలి? నాకు కోర్టులు తెలియవు. (అనంతపురం జిల్లా)

ముందు ఆయన్ని అడిగి ఇద్దరు వకీళ్ళ నంబర్లు, ఇద్దరు తోటి విలేకరుల నంబర్లు కాగితం మీద రాసి బీరువా తలుపుకు లోపల అంటించమ్మా. ఫోన్లో ఉన్న నంబర్లు ఫోనుతోపాటే పోతాయి. వచ్చినవాళ్ళు ఏ స్టేషనో, పేరేమిటో అడుగు. యూనిఫాం మీద పేరుపట్టీ ఉండాలి. అరెస్టు మెమో మీద ఇంట్లోవాళ్ళ సంతకమో, ఊరి పెద్దమనిషి సంతకమో ఉండాలి. నీ చేత పెట్టించుకుంటే పక్కన టైము వేసి పెట్టు. ఐదింటికి తీసుకెళ్ళి తొమ్మిదింటికని రాసుకునే అలవాటుంది, ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలన్న లెక్క ఆ టైము మీదే నడుస్తుంది. అరెస్టుకు కారణాలు రాతలో ఇచ్చారా అని అడుగు. న్యూస్‌క్లిక్ ప్రబీర్ పుర్కాయస్థ గారి అరెస్టు చెల్లదని 2024 మే 15న సుప్రీంకోర్టు చెప్పింది దీని మీదే. అదీ ఉగ్రవాదులకని తెచ్చిన కఠినమైన ఉపా చట్టం కింద పెట్టిన కేసులో.

ఆడవాళ్ళనైతే పొద్దుగూకాక, తెల్లవారక ముందు అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారి ఉండాలి, మేజిస్ట్రేటు అనుమతి ముందే తీసుకోవాలి. వకీలు దొరకకపోతే 15100కు ఫోన్ చెయ్యి, అది న్యాయసేవాధికార సంస్థ నంబరు. కస్టడీలో ఉన్న మనిషికి ఉచితంగా వకీలును పెట్టడం వాళ్ళ బాధ్యత. మేజిస్ట్రేటు ముందు పెట్టినప్పుడు, కొట్టి ఉంటే ఆ మాట ఆయన అక్కడే చెప్పాలి. తర్వాత చెప్తే ఎవరూ వినరు. పిల్లలను చుట్టాలింటికి పంపేయాలా అని కూడా అడిగావు. బడి మాన్పించకమ్మా.

*

కేసు పడ్డాక మా పేపరువాళ్ళు ‘ఈయన మా విలేకరి కాదు’ అని ప్రకటన ఇచ్చేశారు. పదేళ్ళుగా రాస్తున్నాను. (పేరు, ఊరు వద్దన్నారు)

ఈ ఉత్తరం చదివి కాసేపు ఇంకేమీ చదవలేదు. లైన్ అకౌంటు మీద, అంటే అచ్చయిన వార్త కొలతను బట్టి ఇచ్చే డబ్బుల మీద బతికే కంట్రిబ్యూటర్ దగ్గర ఉద్యోగపు ఆర్డరు ఉండదు, ఉండనివ్వరు. ప్రభుత్వం బెదిరించేది ఒకవైపు నుంచే. యాజమాన్యం చేయి వదిలేశాకే ఆ బెదిరింపుకు బలం వస్తుంది. యాడ్స్ టార్గెట్ కోసం ఫోన్ చేసినప్పుడు మాత్రం మీరు వాళ్ళ మనిషే, అవునా?

ఇప్పుడు చేయాల్సింది సాక్ష్యం పోగేయడం. మీ పేరుతో అచ్చయిన వార్తల కటింగులు, లైన్ అకౌంటు డబ్బులు పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, పాత ఐడీ కార్డు, ‘ఫలానా మీటింగ్ కవర్ చెయ్’ అని డెస్కు పెట్టిన మెసేజీలు. గ్రూపులోంచి మిమ్మల్ని తీసేసినా పాత మెసేజీలు మీ ఫోన్లో ఉంటాయి, ఎక్స్‌పోర్ట్ చేసి మెయిల్లో దాచుకోండి. ఇవన్నీ బెయిలు పిటిషన్‌కు జతచేస్తే మీరు దారినపోయే దానయ్య కాదని జడ్జికి అర్థమవుతుంది. యూనియన్‌కు రాయండి, ప్రెస్ కౌన్సిల్‌కు రాయండి, న్యూయార్క్‌లో ఉన్న కమిటీ టు ప్రొటెక్ట్ జర్నలిస్ట్స్‌కు కూడా రాయండి. వాళ్ళు పేపరు స్థాయి చూడరు, కేసు చూస్తారు. మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ విలేకరుల రక్షణకు విడిగా చట్టాలు చేసుకున్నాయి. మన రెండు రాష్ట్రాల్లో లేదు. మీ యూనియన్ నాయకులు ఇళ్ళ స్థలాల మీద అడిగినంత గట్టిగా దాన్ని ఎందుకడగరో ఈసారి మీటింగులో లేచి అడగండి.

*

మేడం, డాలస్‌లో ఉంటాను, ఓసీఐ కార్డు ఉంది. సంక్రాంతికి మా ఊరొచ్చినప్పుడు నా ఛానెల్ కోసం రైతుల ఇంటర్వ్యూలు తీద్దామని ఉంది. ఇబ్బందేమైనా ఉంటుందా?

ఉంటుంది బాబూ. 2021 మార్చి 4 నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐవాళ్ళు, అంటే విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్ళు, ఇక్కడ జర్నలిజం పని చేయాలంటే ముందుగా ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. అక్కడి ఇండియన్ కాన్సులేట్‌లోగానీ, ఇక్కడ విదేశీయుల నమోదు చూసే ఎఫ్ఆర్ఆర్ఓ ఆఫీసులోగానీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. అనుమతి లేకుండా తీస్తే కార్డే రద్దు చేసే ప్రమాదముంది. చాలా ముందుగానే దరఖాస్తు పెట్టు. సంక్రాంతి లోపల రాకపోతే కెమెరా బ్యాగు అక్కడే వదిలి రా, అరిసెలు తిని వెళ్ళు. ఇంటర్వ్యూలు మీ ఊళ్ళోనే ఉన్న కుర్రాళ్ళెవరైనా తీస్తారు. పేరు వాళ్ళదే వెయ్యి, కేసు పడితే వకీలు ఫీజు నువ్వు కట్టు.